మెనూ కార్డు లేని లంచ్

వ్యాపారం మాట్లాడుకుందామని ఇద్దరు హోటల్లో కూర్చుంటే ఇబ్బంది మెనూ కార్డుతోనే మొదలవుతుంది. "మీకేం కావాలో చెప్పండి సార్" అంటూ పిలిచినాయన కార్డు అటు జరుపుతాడు. వచ్చినాయన వంటకాల పేర్లు చదువుతున్నట్టే కనిపిస్తాడు గానీ కళ్లన్నీ కుడివైపు అంకెల మీదే ఉంటాయి. ఖరీదైనది చెబితే ఆబగా ఉన్నాడనుకుంటారేమో, చౌకది చెబితే మెత్తని మనిషని బేరంలో నొక్కుతారేమో! చివరికి మధ్యరకం ధర దగ్గర వేలు ఆనించి, "మీరేం తీసుకుంటే నాకూ అదే" అని కార్డు వెనక్కి తోస్తాడు. పని మాట ఇంకా ఎత్తనేలేదు, అప్పుడే ఒక విడత బేరం నడిచిపోయింది. ఈ విడతను తప్పించే హోటలే వ్యాపార భోజనానికి సరైన హోటలు. ధర ముందే తెలియాలి. ఏం తినాలన్నది ఇద్దరిలో ఎవరూ తేల్చనక్కర్లేకుండా ఉండాలి. వచ్చింది బాగుండాలి. ఈ మూడూ ఒకచోట కలిసే ఏర్పాటుగా ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునేది జపాన్ వాళ్ల ఒమకాసె. ఏం పెట్టాలో, ఏ వరసలో పెట్టాలో సుషీ మాస్టరుకే వదిలేసి కూర్చోవడం దాని పద్ధతి. మన దగ్గర అదే పని చేసేది మీల్స్ హోటలు. అది సికింద్రాబాద్‌లో నాలుగు అడుగులకొకటి ఉంది గనకే దాని విలువ మనకు ఆనడం లేదని నా వాదన.

బోయిగూడనే తీసుకోండి. సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు బయటికొస్తే వచ్చే పేట అది. కలప డిపోలు, పాత సామాను గోదాములు, సరుకు దించుతున్న లారీలు, కాస్త అవతల రాణిగంజ్ మెషినరీ, హార్డ్‌వేర్ దుకాణాలు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇక్కడి హోటళ్లలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు డిపో యజమాని, బిల్డరు, తలుపులూ కిటికీల కాంట్రాక్టరు, పొద్దున రైలు దిగిన బయటూరి సరుకు వ్యాపారి. ఈ వీధుల్లో సుషీ కౌంటర్ వెతకడం దండగే. అలాగని జపాన్ అతిథి తెలుగు నేలకు కొత్తవాడేం కాదు. రుద్రారంలో తోషిబా ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీ ఉంది, చందనవెల్లిలో దైఫుకు కంపెనీ ఉంది, అటు శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు వాహనాలు తయారవుతున్నాయి. అలాంటి కంపెనీకి సరుకు వేయాలనుకునే వ్యాపారి, వచ్చిన మేనేజర్‌ని ఎక్కడికి తీసుకెళ్లాలా అని ఆలోచిస్తే మొదట తట్టేది బంజారాహిల్స్‌లోని పెద్ద హోటల్ బఫే. నా లెక్కలో అదే అన్నిటికంటే చివర తట్టాల్సింది. బఫేలో అతిథి ప్లేటు పట్టుకుని ఒకవైపు, పిలిచినాయన మరోవైపు తిరుగుతుంటారు. ఇద్దరూ టేబుల్ దగ్గర కలిసేసరికి ఒకరి సూప్ చల్లారిపోతుంది, ఇంకొకరు రెండో విడతకు లేస్తారు.

ఒమకాసెలో గొప్పతనం ఏమిటో సరిగ్గా అర్థమైతే మన మీల్స్‌లో దేన్ని చూడాలో తెలుస్తుంది. దాని పేరు చెప్పగానే చాలామందికి ఖరీదు గుర్తొస్తుంది. పుట్టుకలో అది ఖరీదైన తిండి కానే కాదు. ఇవాళ మనం చూసే సుషీ, అంటే చేత్తో ఒత్తిన అన్నం ముద్ద మీద చేప ముక్క, 1820ల నాటి ఎదో నగరంలో, ఇప్పటి టోక్యోలో, వీధి బండ్ల దగ్గర నిలబడి తినే తిండిగా పేరు తెచ్చుకుంది. హనయా యోహే అనే వంటగాడికి ఆ ఖ్యాతి కడతారు. ఐసు లేని రోజులు కాబట్టి చేప చెడకుండా ఉండటానికి పడ్డ పాట్లన్నీ తర్వాత రుచులయ్యాయి. కొహదా అనే చిన్న చేపకు ఉప్పు పట్టించి, కడిగి, వెనిగర్‌లో ఊరబెట్టారు. ట్యూనాను సోయా సాస్‌లో నానబెట్టారు. ఆనగో అనే సముద్రపు పాము చేపను తీపి పులుసులో మెత్తగా ఉడికించారు. తెల్లచేపను కొంబు అనే సముద్రపు నాచు ఆకుల మధ్య అదిమి ఉంచి నీరు తగ్గించారు. అన్నంలో కలిపే ఎర్ర వెనిగర్ కూడా సాకె సారా తీశాక మిగిలిన పిప్పి నుంచి వచ్చిందే. నకానో మతజాఎమోన్ అనే సారా తయారీదారు 1804లో హండా పట్టణంలో దాన్ని మొదలుపెట్టాడు, బియ్యపు వెనిగర్ కంటే చౌక కావడంతో సుషీ బండ్లవాళ్లు ఎగబడి కొన్నారు. ఇప్పుడు బంగారంలా చూసే కొవ్వు ట్యూనా ఆ రోజుల్లో పనికిరాదని పారేసిన భాగం. చౌక చేప, పిప్పి వెనిగర్, మనిషి చేతి పని: ఆ సంప్రదాయం నిలబడింది వీటి మీదే.

గిట్టుబాటు ధరకు మంచి ఒమకాసె పెట్టే చోట్లు ఇవాళ్టికీ ఈ సూత్రాన్నే పట్టుకున్నాయి. కౌంటర్ ముందు పది పన్నెండు సీట్లు, ముందే బుకింగ్, అందరికీ ఒకే సమయం, అందరికీ ఒకే వరస. ఎంతమంది వస్తారో, ఏం తింటారో పొద్దున మార్కెట్‌లోనే తెలుసు కాబట్టి మిగిలిపోయేది తక్కువ. డిన్నర్ ధరలో సగానికో అంతకంటే తక్కువకో లంచ్ పెట్టడం కూడా మామూలే. అద్దె, మాస్టరు, పొద్దున తెచ్చిన చేప ఎలాగూ ఉన్నాయి, మధ్యాహ్నం సీట్లు ఖాళీగా ఉంచడం నష్టం. టోక్యో తొయోసు మార్కెట్‌లో 2019 జనవరిలో 278 కిలోల ట్యూనా 33.36 కోట్ల యెన్‌లకు వేలంలో పోయింది. కొన్నది కియోషి కిమురా, మామూలు ధరలకు అమ్మే సుషీ హోటళ్ల గొలుసు యజమాని. అది ప్రచారం కోసం పెట్టిన ఖర్చని అందరికీ తెలుసు. ఆ వేలం చూసి సుషీ విలువ కట్టడం పొరపాటు. మంచి మాస్టరును అంచనా కట్టాలంటే కొహదాను, చివర్లో వచ్చే గుడ్డట్టును చూడాలని సుషీ తినేవాళ్లలో పాత మాట ఉంది. రెండూ చౌక సరుకే, రెంటిలోనూ ఉన్నదంతా పనితనమే.

ఇక మన వైపు రండి. మీల్స్ హోటల్ యజమాని తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌లోనో మోండా మార్కెట్‌లోనో ఏ కూర దండిగా, లేతగా, చవకగా దిగిందో చూస్తాడు. బీరకాయ దిగితే బీరకాయ, దోసకాయ దిగితే దోసకాయ పప్పు. ఈ రోజు కూరేమిటన్నది ఆ మార్కెట్లో తేలుతుంది, టేబుల్ దగ్గర కాదు. అక్కడి నుంచి వంట మాస్టరు చేతిలో పని. మొదటి పరీక్ష అన్నం. మన హోటళ్లలో ఎక్కువగా వాడే సన్నబియ్యం బీపీటీ 5204, బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి సాంబ మసూరి పేరుతో 1986లో విడుదలైన రకం. ఆ బియ్యం కొత్తదైతే అన్నం ముద్దకట్టి, గరిటెకు అంటుకుని, పప్పు కలపగానే జావవుతుంది. పాతబడి తేమ తగ్గిన బియ్యమైతే మెతుకు విడివిడిగా ఉండి నెయ్యిని, చారును పీల్చుకుంటుంది. జపాన్ సుషీ మాస్టర్లలో చాలామంది కూడా కొత్త బియ్యంలో పాత బియ్యం కలుపుతారు, పాతది వెనిగర్‌ను బాగా పీలుస్తుందని. వాళ్ల బియ్యం జిగురు రకం, మనది పొడి రకం. అయినా పాత బియ్యం దగ్గర ఇద్దరిదీ ఒకే తెలివి.

తర్వాత వచ్చేది వేళ. కందిపొడి ముందు ఎందుకు వడ్డిస్తారో ఎప్పుడైనా గమనించారా? దోరగా వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి కలిపి దంచిన ఆ పొడికి సొంతంగా తడి లేదు. పొగలు కక్కే అన్నం, అప్పుడే కరిగిన నెయ్యి, ఈ రెండూ ఉంటేనే అది ముద్దగా కలిసి గొంతు దిగుతుంది. అన్నం ఆ వేడిలో ఉండేది మొదటి రెండు మూడు నిమిషాలే. అందుకని ముందు పొడి, ఆ వెనకే పప్పు, పక్కనే ఆవకాయో గోంగూరో. అన్నం కాస్త చల్లారాక కూర. ఆ తర్వాత పులుసో సాంబారో. రెండోసారి పెట్టిన అన్నంలో చారు, చివరికి పెరుగు. ప్లేటులో అన్నీ ఒకేసారి కనిపిస్తాయి గనక ఇందులో వరస లేదనుకునేవాళ్లున్నారు. గిన్నెలన్నీ ఒకేసారి వచ్చినా అన్నం, నెయ్యి మాత్రం వడ్డించే సప్లయరు చేతిలోనే ఉంటాయి. వరసను నడిపేది ఆయనే. కడబంతిలో కూర్చున్నా వడ్డించేవాడు మనవాడైతే చాలన్న సామెత ఊరికే రాలేదు. ఏం వండారన్న దానికంటే అది ఎప్పుడు, ఎంత, ఎవరి చేతి మీదుగా వచ్చిందన్నదే భోజనాన్ని నిర్ణయిస్తుందని తెలుగువాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ఆ సామెతలో కొంచెం అవినీతి వాసన కూడా ఉందనుకోండి, అది వేరే వ్యాసం.

ఈ రెండు వరసలూ ఒకదానికొకటి తలకిందులు. సుషీ తేలిక నుంచి బరువుకు ఎక్కుతుంది: ముందు తెల్లచేప, తర్వాత వెనిగర్ పట్టిన చేప, ఆపైన ట్యూనా, దాని కొవ్వు భాగం, చివరికి తీపి పూసిన ఆనగో. మీల్స్ బరువు నుంచి తేలికకు దిగుతుంది: నెయ్యి, పప్పు, కారం ముందు, పలచని చారు తర్వాత, చల్లని పెరుగు ఆఖర. వ్యాపార భోజనానికి ఈ తేడా చిన్నది కాదు. ఒమకాసెలో మాస్టరు ముక్క పెట్టిన కొద్ది సెకన్లలోనే తినేయాలి, అన్నం ఒంటి వేడిలో ఉండగానే. కాబట్టి మాటలు ముక్కకూ ముక్కకూ మధ్య ఖాళీలో పడతాయి. భోజనం ముదిరేకొద్దీ రుచి మీదే ధ్యాస పెరుగుతుంది. మీల్స్‌లో మొదటి పది నిమిషాలు ఆకలి, ఆవకాయ కలిసి ఇద్దరినీ నోరెత్తనివ్వవు. పొద్దున్నించీ ఫోన్లలో వాదించుకున్న మనుషులకు ఆ మౌనం మేలే చేస్తుంది. అసలు మాట చారు దగ్గర మొదలవుతుంది. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి కారం చల్లబడుతుంది. పాలలో ఉండే కేసిన్ మిరప ఘాటును నాలుక మీంచి తీసేస్తుంది కాబట్టి అది ఒట్టి భావన కూడా కాదు. రేటు మాట ఎత్తడానికి అంతకంటే మంచి సమయం ఏ హోటల్లోనూ దొరకదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది: ఒమకాసె మాస్టరు మీ ముఖం చూస్తూ పెడతాడు, మీల్స్ హోటల్లో మీరు రెండు వందల మందిలో ఒకరు, ఈ రెంటికీ పోలికేమిటని. వంటకాల విషయంలో ఈ మాట నిజమే. నాకోసం ఒక కూర మారదు. కానీ సుషీ మాస్టరు చూసేది కూడా ప్రధానంగా నా వేగాన్ని, నా కడుపునే. నెమ్మదిగా తింటుంటే ఆగుతాడు, చిన్న నోరైతే అన్నం తగ్గించి ఒత్తుతాడు. మంచి సప్లయరు చేసేదీ ఇదే. అన్నం బేసిన్‌తో మూడు టేబుళ్ల అవతల ఉన్నా, నా ప్లేటులో పులుసు మిగిలి అన్నం అయిపోవడం అతని కంట పడుతుంది. "చాలు" అని చెయ్యి అడ్డం పెడితే అది నిజమైన చాలో, మొహమాటపు చాలో అతనికి తెలుసు. అతిథి ముందు ఇంకోసారి అడగలేక కూర్చునే మనిషికి అడక్కుండానే అరగరిటె పడుతుంది. ఒమకాసెలో ముక్కల లెక్క ఉంది, మీల్స్‌లో లెక్క లేదు. మాస్టరు ముక్కను అతిథికి తగ్గట్టు మలిస్తే, మన సప్లయరు పరిమాణాన్ని మలుస్తాడు. నేర్పు ఒక రకానిది కాకపోయినా, నమ్మి వదిలేయడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

రెండో అభ్యంతరం పరువుది, వ్యాపారుల్లో ఇదే అసలుది. మీల్స్‌కు తీసుకెళ్తే మనల్ని చిన్న పార్టీ అనుకోరా? 2014 ఏప్రిల్ 23న అమెరికా అధ్యక్షుడు ఒబామాను జపాన్ ప్రధాని షింజో అబే భోజనానికి తీసుకెళ్లింది టోక్యో గింజాలో, ఒక ఆఫీసు భవనం నేలమాళిగలో, పది సీట్ల సుకియబాషి జిరోకు. పక్కనే మెట్రో దారి. హోటల్లో షాండ్లియర్ లేదు, ఉన్నదల్లా మాస్టరు చెయ్యి. దాని ధర సామాన్యులది కాదని, అప్పటికే మూడు మిషెలిన్ నక్షత్రాలు ఉన్నాయని మీరంటారు. నిజమే. అందుకని మనవాళ్లనే చూద్దాం. ఢిల్లీ అశోకా రోడ్డులో ఆంధ్రాభవన్ క్యాంటీన్‌లో ఎంపీ, విలేకరి, గుమాస్తా ఒకే హాల్లో ఒకే పప్పన్నం తింటారు. అక్కడికి రమ్మంటే చిన్నబుచ్చారని ఢిల్లీలో ఎవరూ అనుకోరు. బెంగళూరు రెసిడెన్సీ రోడ్డులో 1984 నుంచి ఉన్న నాగార్జునలో అరిటాకు ముందు కూర్చునేవాళ్లలో ఎంతమంది మెడలో ఆఫీసు ఐడీ కార్డు ఉంటుందో ఒక్క మధ్యాహ్నం చూస్తే తెలుస్తుంది. మన ఊళ్లో మాత్రమే మీల్స్‌ను ఆకలి తీర్చుకునే చోటుగా, పెద్ద హోటల్‌ను మాట్లాడుకునే చోటుగా విడదీసుకున్నాం. లెక్కలు చూసే మనిషికి ఇంకో మాట కూడా ఉంది. గది అద్దె 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్ బిల్లు మీద జీఎస్టీ 18 శాతం, మామూలు మీల్స్ హోటల్లో 5 శాతం. సీజీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ కింద తిండి మీద కట్టిన పన్నుకు సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. అంటే అతిథి మర్యాద కోసం కట్టే ఆ 18 శాతం పూర్తిగా జేబులోంచి పోయేదే.

మూడోది ఆహార నియమాలది. ఎంపిక తీసేస్తే తినలేనిది వచ్చినప్పుడు అతిథి ఏం చేయాలి? ఈ అభ్యంతరం మీల్స్ కంటే ఒమకాసెకే గట్టిగా తగులుతుంది. జనరల్ బజార్, రాణిగంజ్ వ్యాపారంలో మార్వాడీలు, గుజరాతీలు ఎంతమందో చెప్పనక్కర్లేదు. వాళ్లలో శాకాహారి ముందు పచ్చి చేప పెట్టడం ఊహకే అందదు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో పచ్చి చేప తినాలంటే దాన్ని ముందు గట్టిగా గడ్డకట్టించి ఉండాలి. అమెరికా ఎఫ్‌డీఏ సూచించే పద్ధతుల్లో ఒకటి మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు, చేపలో ఉండే అనిసాకిస్ లాంటి పురుగులు చావడానికి. అలా చేసిన చేప కూడా బాగానే ఉంటుంది, కానీ ఆ ఖర్చు బిల్లులోకే వస్తుంది. శాకాహార మీల్స్‌లో ప్రతి వంటకం విడి గిన్నెలో ఉంటుంది కాబట్టి ఒకటి వద్దంటే మిగతా భోజనానికి ఏమీ కాదు. షుగరున్న ఆయన స్వీటు పక్కన పెడతాడు, కారం పడని ఆయన ఆవకాయ ముట్టడు. ఉల్లి, వెల్లుల్లి తినని జైనులకు మాత్రం చిక్కే. పప్పులో వెల్లుల్లి పోపు పడ్డాక గిన్నె పక్కన పెట్టి లాభం లేదు, ముందురోజే హోటల్‌తో మాట్లాడుకోవాల్సిందే. జపాన్ అతిథికి మన కారం గురించి భయపడేవాళ్లు ముద్దపప్పు, నెయ్యి, పెరుగు ఉన్నాయన్నది మరిచిపోతారు. అన్నం ప్రధానంగా, పక్కన ఊరగాయతో తినడం ఆయనకు కొత్త విషయం కాదు. చేప కావాల్సిందే అంటే కోస్తా మీల్స్ హోటల్లో చేపల పులుసు ఉండనే ఉంది. ఆ మాటకొస్తే 1990లలో మన కోస్తా చెరువుల్లో పెంచిన టైగర్ రొయ్యకు పెద్ద కొనుగోలుదారు జపానే.

చివరి అభ్యంతరాన్ని మాత్రం పూర్తిగా ఒప్పుకోవాలి. మీల్స్ హోటల్లో చప్పుడెక్కువ, వెనక నిలబడి సీటు కోసం చూసేవాళ్లుంటారు, పక్క కుర్చీలోకి తెలియని మనిషి వచ్చి కూర్చోవచ్చు. అగ్రిమెంటు కాగితాలు పరిచి క్లాజులు చదవడానికి అది చోటు కాదు. ఎవరి చెవినా పడకూడని రేట్లు మాట్లాడటానికి అసలే కాదు. సుషీ కౌంటర్ కూడా ఇందుకు పనికిరాదు, ఎదురుగా మాస్టరు, పక్క సీటులో అపరిచితులు. రెండూ పనికొచ్చేది అంతకు ముందు దశకు. ఎదుటి మనిషితో కలిసి పని చేయగలమా లేదా అని తేల్చుకోవడానికి. సప్లయరును ఎలా పిలిచాడు, వద్దన్నది ఎలా వద్దన్నాడు, ఎంత పెట్టించుకుని ఎంత వదిలేశాడు, చారు బాగుందని ఎవరితో అన్నాడు: ఇవన్నీ మెనూ కార్డు లేనిచోటే కనిపిస్తాయి. కార్డు ఉంటే మనిషి దాని వెనక దాక్కుంటాడు.

హోటల్ ఎంచుకునేటప్పుడు కొహదా సూత్రమే పెట్టుకోవచ్చు. స్పెషల్ ఐటమ్స్ ఎన్ని ఉన్నాయో చూడకుండా చారు, పెరుగు రుచి చూడండి. చారులో చింతపండు పులుపు, మిరియం, జీలకర్ర, కొత్తిమీర వేటికవి తెలుస్తున్నాయా, పెరుగు పుల్లబడకుండా గట్టిగా తోడుకుందా? వాటిలో అశ్రద్ధ చేసే హోటల్ మిగతావాటిలోనూ చేస్తుంది. టోకెన్ పద్ధతి ఉన్నచోటైతే ముందే డబ్బు కట్టేయొచ్చు, తిన్నాక కౌంటర్ దగ్గర బిల్లు కోసం లాక్కునే తంతు తప్పుతుంది. వేళ కూడా ముఖ్యం. పన్నెండున్నరకు వెళ్తే మొదటి వాయి అన్నం, అప్పుడే పెట్టిన పోపు, తీరిక ఉన్న సప్లయరు దొరుకుతారు. ఒంటిగంటన్నర దాటితే చారు పలచనవుతుంది, సప్లయరు చూపు మన ప్లేటు మీద కాక వెనక నిలబడ్డవాళ్ల మీద ఉంటుంది. అతిథి రైలు ఆలస్యమైతే మీల్స్ మానేసి స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో చాయ్ దగ్గర కూర్చోవడం మంచిది.